రాజధాని లేఖ: మూడు రోజుల గురువులు

కోచింగు కేంద్రాల ప్రకటనలలోని అసత్యాలను అరికట్టేందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరు 13న మార్గదర్శక సూత్రాలను వెలువరించింది. పాఠం చెప్పేవారి అర్హతల గురించి, ఫీజుల గురించి, ఉత్తీర్ణుల సంఖ్య గురించి లేనిపోని గొప్పలు చెప్పుకొనరాదని అందులో ఉన్నది. నెగ్గిన అభ్యర్థి ఫోటో వేయదలిస్తే, నెగ్గిన తరువాతనే అతని లిఖితపూర్వకమైన అనుమతి పొందాలి. అతడు తమ వద్ద ఏ కోర్సు ఎంతకాలం చదివాడో కూడా అచ్చువేయాలి. నాటికే ఆ సంస్థ 45 నోటీసులు జారీచేసి, 18 కోచింగు సంస్థలపై 54 లక్షల 60 వేల రూపాయల జరిమానా విధించి ఉన్నది. ఇంతవరకు మెచ్చుకోదగినదే. కాని ఆ సూత్రాలలో ‘కోచింగు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చివర ఒక చిన్న తోక ఉన్నది. కౌన్సెలింగు, క్రీడలు, నాట్యం, నాటకం, ఇతర సృజనాత్మక కార్యకలాపాలు దీని కిందికి రావని ఆ తోక భావం.

ఆ సంవత్సరమే జనవరిలో విద్యా మంత్రిత్వశాఖ కోచింగు కేంద్రాల నియంత్రణకు వేరొక మార్గదర్శక పత్రం తయారుచేసింది. అందులోనూ ఇదే నిర్వచనం, ఇదే మినహాయింపు. ఒక శాఖ కాగితంలోని మాట మరొక శాఖ కాగితంలోకి మారు ఆలోచన లేకుండా నడచిపోవడం రాజధానిలో కొత్త విశేషం కాదు. రెండు శాఖల దృష్టీ ఇంజనీరింగు, వైద్య, సివిల్ సర్వీసు పరీక్షల కోచింగు దుకాణాలపైనే ఉన్నది. పిల్లల ప్రాణాలు పోతున్న చోట ముందుగా దృష్టి పెట్టడం సమంజసమే. కాని నాట్యాన్ని పేరుపెట్టి మరీ బయట నిలబెట్టవలసిన అగత్యం ఏమి వచ్చినదో బోధపడదు. నాట్యం నేర్పే చోట అబద్ధపు ప్రకటనలు ఉండవని శాస్త్రి భవనం విశ్వసించిందా? అలా అయితే ఆ అధికారులు ఒక శీతకాలం కలకత్తాలో గడిపి రావలసి ఉన్నది.

2001లో కోల్‌కతాగా పేరు మారిన కలకత్తాకు నాట్యంతో ఉన్న అనుబంధం మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. అక్కడ ప్రతి పాడాలోనూ, అనగా ప్రతి పేటలోనూ, ఒక నాట్యపాఠశాల ఉంటుంది. సంగీతం రాని ఇల్లు, నాట్యం నేర్వని ఆడపిల్ల మధ్యతరగతి బెంగాలీ కుటుంబాలలో అరుదు. రవీంద్ర భారతి విశ్వవిద్యాలయం 1962 నుండి ఉన్నది. కథాకళి, భరతనాట్యాలకు గోవిందన్ కుట్టి, థంకమణి కుట్టి దంపతులు 1968లో నెలకొల్పిన కళామండలం ఉన్నది. దసరా పూజలు ముగిసి చలి ప్రవేశించగానే బయటి ఊళ్ల నుండి, బయటి దేశాల నుండి ఆచార్యుల రాక మొదలవుతుంది. చెన్నై నుండి కూచిపూడి, భరతనాట్యం వారు. భువనేశ్వర్ నుండి ఒడిస్సీ వారు. ఢిల్లీ, లక్నోల నుండి కథక్ వారు. ఈ మధ్య స్పెయిను ఫ్లామెంకో, క్యూబా సాల్సా నేర్పేవారు సైతం. వీరి కార్యక్రమాన్నే అక్కడి వారు ‘వర్క్‌షాపు’ అంటున్నారు. మూడు రోజులో, ఐదు రోజులో జరిగే శిక్షణ శిబిరమన్న మాట.

ఈ శిబిరాలు చెడ్డవని కాదు. వాటిని ప్రకటించే తీరే ఆలోచించదగినది. కరపత్రంలో ఆచార్యుని నిలువెత్తు చిత్రం, దాని కింద ‘అంతర్జాతీయ ఖ్యాతి’, దాని కింద ‘పూర్వానుభవం అవసరం లేదు, ప్రారంభకులకు ప్రత్యేక అవకాశం’, అడుగున ‘ధ్రువపత్రం ఇవ్వబడును’. కూచిపూడి అయితే చిత్రంలో పళ్లెం అంచున నిలచి తరంగం ఆడుతున్న నర్తకి తప్పనిసరి. ఆ చిత్రం చూసి పన్నెండేళ్ల పిల్ల తల్లిని వేధించి డబ్బు కట్టిస్తుంది. కరపత్రంలో లేనివి మాత్రం ఎన్నో. రోజుకు ఎన్ని గంటలు ఆచార్యుడు స్వయంగా నేర్పుతారు, ఎన్ని గంటలు ఆయన వెంట వచ్చిన శిష్యురాలు నేర్పుతుంది? ఒక్క గదిలో ఎందరిని కూర్చుతారు? అడుగు వేయడం రాని వారిని, పదేళ్లు నేర్చిన వారిని వేరు చేస్తారా, కలిపివేస్తారా? ఆచార్యుడు రైలెక్కిన తరువాత నేర్చిన దానిని దిద్దేవారెవరు? డబ్బు కట్టేవారికి అసలు కావలసినవి ఇవే.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ‘తప్పుదారి పట్టించే ప్రకటన’ను నిర్వచిస్తూ, అబద్ధం చెప్పడాన్ని మాత్రమే గాక, ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడాన్ని కూడా అందులో చేర్చింది. నాట్యశిబిరాల విషయంలో ఈ రెండవదే ప్రధానం. కరపత్రంలోని ప్రతి అక్షరమూ నిజమే కావచ్చు. ఆచార్యునికి ఖ్యాతి ఉండవచ్చు, ధ్రువపత్రమూ ఇవ్వవచ్చు. చెప్పక దాచిన దానిలోనే మోసం ఉంటుంది. ప్రకటనదారునికి మొదటి తప్పుకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం ప్రాధికార సంస్థకు ఉన్నది. అంటే సాధారణ చట్టం నాట్యానికీ వర్తించవలసినదే.

అయితే మెలిక లేకపోలేదు. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషను ఒక తీర్పులో, విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని, కోచింగు సంస్థలు మాత్రం వస్తాయని చెప్పింది. ఇక నాట్యశిబిరం నడిపేవాడు ఏమనవచ్చు? ‘మాది కళావిద్య, కావున మాకు కమిషను తీర్పు వర్తిస్తుంది, కోచింగు కాదని కేంద్రప్రభుత్వమే రాసి ఇచ్చింది’ అనవచ్చు. ఆ నిర్వచనం ఆ మార్గదర్శక సూత్రాల వరకే చెల్లుతుందని న్యాయవాదులు ఎదురు చెప్పవచ్చును గాని, మూడు వేలో నాలుగు వేలో పోగొట్టుకున్న గృహస్థు అంత దూరం పోతాడా? అక్కరలేని ఒక మాటను నిర్వచనంలో ఇరికించడం వలన తప్పించుకొనేవాడికి దారి చూపినట్లయినది.

చిత్రమేమంటే, పన్ను విషయానికి వచ్చేసరికి నాట్యం ఢిల్లీ దృష్టిని తప్పించుకోలేదు. కళలు, సంస్కృతికి సంబంధించిన శిక్షణకు వస్తుసేవల పన్నులో ఉండిన మినహాయింపును 2022 జూలై 18 నుండి స్వయంగా బోధించే వ్యక్తులకే పరిమితం చేశారు. వార్షిక రాబడి 20 లక్షలు దాటిన నాట్యసంస్థ పన్ను కట్టవలసినదే. రాబడి లెక్కకు నాట్యశిక్షణ వాణిజ్యసేవ. రక్షణ లెక్కకు సృజనాత్మక కార్యకలాపం! ఆర్థిక శాఖకు, వినియోగదారుల శాఖకు మధ్య రాజధానిలో ఉన్న దూరం కొద్దిపాటిదే.

నిర్వాహకులందరినీ దొంగలుగా జమకట్టడం న్యాయం కాదు. వారి ఇబ్బంది కూడా చూడాలి. చెన్నై నుండి ఒక ఆచార్యుని, ఆయన వెంట నట్టువాంగం చెప్పేవారిని, ఒక మృదంగ విద్వాంసుని పిలిపించాలంటే రైలు ఛార్జీలు, బస, గౌరవ పారితోషికం, హాలు అద్దె కలిసి పెద్ద మొత్తమే అవుతుంది. అటువంటి ఆచార్యుని వద్ద నిజంగా లాభం పొందగల విద్యార్థులు, అంటే ఆరేడేళ్ల సాధన ఉన్నవారు, నగరం మొత్తంలో ఇరవై మంది దొరికితే గొప్ప. ఆ ఇరవై మంది ఫీజుతో ఖర్చు గిట్టదు. కొత్తగా నేర్చుకోదలచినవారు మాత్రం వందల సంఖ్యలో ఉంటారు. కాబట్టి లోటు పూడ్చుకొనడానికి వారిని చేర్చుకుంటారు. ‘పూర్వానుభవం అవసరం లేదు’ అన్న పంక్తి అలా పుడుతుంది. అది విద్య ఇవ్వడానికి రాసినది కాదు, హాలు నింపడానికి రాసినది. ప్రారంభకురాలు తనకు తెలియకుండానే ముందు వరుసలోని వారి శిక్షణకు చందా కడుతున్నది. ఆ మాట ముందే చెప్పి, ‘వచ్చి కూర్చుని చూడండి, చూసేవారికి ఇంత రుసుము’ అంటే ఎవరూ కాదనరు. గొప్ప గురువు పాఠం చెబుతుండగా చూడటం కూడా ఒక విద్యే. చూడటాన్ని నేర్వడంగా అమ్ముతున్నారు, చిక్కంతా అక్కడే.

ఆచార్యుని వైపు నుండి చూచినా ఇదే కథ. విద్యార్థులందరూ సాధన ఉన్నవారేనని నిర్వాహకులు ఆయనతో చెప్పి తీసుకువస్తారు. వచ్చి చూస్తే సగం మందికి అరమండి నిలబడదు. వర్ణమో, తరంగమో నేర్పుదామని వచ్చిన మనిషి తాళం పట్టుకొని ‘తా తై’ వద్ద ఆగిపోవాలి, లేదా రానివారిని వెనుక వరుసకు వదలివేసి ముందుకు పోవాలి. ఎక్కువమంది రెండవదే చేస్తారు. వెనుక వరుస పిల్లలు తమకు విద్య అబ్బదని అనుకొని ఇంటికి పోతారు. ఈ నష్టానికి ఏ కమిషనూ పరిహారం ఇవ్వలేదు.

ఏ నాట్యసంప్రదాయమూ మొదటి మూడు రోజులలో చేతికి దొరికేది కాదు. మన కూచిపూడిలో అడవులు, జతులు కాళ్లలోకి దిగాలి. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పి, అడవులను ఒక క్రమంలో పెట్టి బోధించినది ఇందుకే. ఒడిస్సీలో చౌక, త్రిభంగి, కథక్‌లో తత్కారం, మణిపురిలో చాలి. వీటిలో ఏదైనా మోకాలు, మడమ, నడుము తప్పుగా అలవాటు పడితే తరువాతి గురువు దానిని మాన్పడానికే ఏడాది పడుతుంది. వైద్యుడు ఒకనాడు చూచి పోతే రోగికి ప్రమాదం లేకపోవచ్చు, గాని నాట్యాచార్యుడు ఒకనాడు చూపి పోతే పిల్ల దానినే అద్దం ముందు నెలల తరబడి తప్పుగా వల్లిస్తుంది. అందుకే ప్రారంభకులకు కావలసినది పేరున్న అతిథి కాదు, వారానికి రెండుసార్లు మోకాలు సరిదిద్దే ఇరుగుపొరుగు టీచరమ్మ.

కలకత్తా నాట్యచరిత్రే ఇందుకు తార్కాణం. నేడు ఆ నగరంలో ఒడిస్సీకి పేరు తెచ్చినవారిలో ఒకరైన దోనా గంగూలీ మొదట చిన్నతనంలో అమలా శంకర్ వద్ద అడుగులు నేర్చారు. పిదప ఒడిస్సీలో గిరిధారి నాయక్ వద్ద శిక్షణ పొందారు. ఆ తరువాతనే కేలుచరణ్ మహాపాత్ర దగ్గరకు చేరారు. 1926లో రఘురాజ్‌పూర్‌లో జన్మించి 2004లో కన్నుమూసిన ఆ మహాగురువు కలకత్తా వచ్చి శిబిరాలు నడిపారు. వాటివలన ఆ నగరపు ఒడిస్సీ రూపమే మారింది. అయితే ఆయన ముందు నిలచినవారిలో రాణించినవారు అప్పటికే వేరొకరి చేత దిద్దబడినవారు. ఆ ‘వేరొకరి’ పేరు మాత్రం ఏ కరపత్రంలోనూ ఎక్కదు. నేడు మూడు రోజుల శిబిరానికి వెళ్లివచ్చినవారు తమ పేరు పక్కన ‘ఫలానా గురువుగారి శిష్యురాలు’ అని వేసుకొని, ఆ బలంతో మరో పేటలో పాఠశాల తెరుస్తున్నారు. మోసం అలా ఒక తరం నుండి మరొక తరానికి అందుతున్నది.

బయటి ఊరి ఆచార్యుని ప్రారంభకుల ముందుకు తెచ్చిన తొలి ప్రముఖ ఉదాహరణ కూడా బెంగాలుదే. 1919లో సిల్హెట్ వెళ్లిన రవీంద్రనాథ టాగోరు అక్కడి మణిపురి పల్లెలో నృత్యం చూచి ముగ్ధులై, త్రిపుర మహారాజును అడిగి బుద్ధిమంత సింగ్ అనే ఆచార్యుని శాంతినికేతనానికి రప్పించుకొన్నారు. మంచి కుటుంబాల పిల్లలు నాట్యమాడటమా అన్న గొడవ వస్తుందని, దానిని మృదంగం మీద చేసే వ్యాయామంగా జనానికి పరిచయం చేశారు. అదీ ఒక అసత్య ప్రకటనే! కాని ఒక భేదం ఉన్నది. ఉన్న విద్యను తక్కువ చేసి చెప్పారు, లేనిదానిని ఉన్నదనలేదు. ఆ ఆచార్యుడు ఎక్కువకాలం ఉండలేదు. ఆయన వెళ్లిపోవడంతో విద్య కూడా కుంటుపడింది. ఆ తరువాత నవకుమార్ సింగ్ వచ్చి నిలకడగా నేర్పిన ఫలితమే 1926లో ‘నటీర్ పూజ’. నందలాల్ బోసు కుమార్తె గౌరి అందులో నర్తించారు. 1927 జనవరిలో కలకత్తా జొరాసాంకోలో ఆ నాటకం ప్రదర్శించినపుడు టాగోరు తాము కూడా ఒక పాత్ర ధరించి, అందరి కళ్ల ముందు నిలబడ్డారు. ఏడేళ్లలో వ్యాయామం నృత్యమయింది. దాచవలసిన అవసరం పోయింది.

ఉదయశంకర్ సంగతి మరొక విధం. గురువు వద్ద శాస్త్రీయంగా ఏ నాట్యమూ నేర్వకుండానే 1923లో లండనులో అన్నా పావ్‌లోవా సరసన ‘రాధాకృష్ణ’ ఆడి యూరపును మెప్పించిన మనిషి ఆయన. ఆ కీర్తితో తానే సర్వజ్ఞుడనని చెప్పుకొని ఉంటే కాదనేవారు లేరు. అయినా ఆల్మోరాలో తన కేంద్రం తెరచినపుడు కథాకళికి శంకరన్ నంబూద్రిని, భరతనాట్యానికి కందప్ప పిళ్లైని, మణిపురికి అమోబి సింగును, సంగీతానికి ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖానును పిలిపించారు. ఎవరి విద్య వారిది, ఎవరి పేరు వారిది. అక్కడ జోహ్రా సైగల్ రూపొందించిన పాఠ్యక్రమం ఐదు సంవత్సరాలది, ఐదు రోజులది కాదు. 1944లో ఆ కేంద్రం మూతపడింది. 1965లో కలకత్తాలో వెలసిన ఉదయశంకర్ కేంద్రాన్ని నడిపినవారు, పైన పేర్కొన్న అమలా శంకరే.

కలకత్తా వెలుపలి ఉదాహరణ ఒకటి చెప్పక తప్పదు, ఎందుకంటే దాని కొస మన కూచిపూడికి తగులుతుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1893లో పుట్టిన ఎస్తర్ షెర్మన్ అనే ఆమె రాగిణీదేవి అన్న పేరుతో, తాను కాశ్మీరీ హిందువునని చెప్పుకొంటూ అక్కడ ‘హిందూ నాట్యం’ ప్రదర్శించారు. చూచేవారికి నాట్యం తెలియదు కావున ఆ మాట చెల్లింది. 1930లో ఇండియా వచ్చి, మైలాపూరు గౌరి అమ్మాళ్ వద్ద, కేరళ కళామండలంలోను కష్టపడి నేర్చిన తరువాత ఆ కట్టుకథ అవసరమే లేకపోయింది. ఆమె కుమార్తె ఇంద్రాణీ రెహమాన్ కోరాడ నరసింహారావు గారి వద్ద కూచిపూడి అభ్యసించి, దానిని ఆంధ్రదేశం వెలుపల వేదికలెక్కించినవారిలో ఒకరయ్యారు. విద్య వచ్చినవారికి అబద్ధపు బిరుదు బరువే.

బిరుదుల ప్రస్తావన వచ్చింది కనుక ఢిల్లీ తయారుచేసి పంపే బిరుదుల గురించి కూడా ఒక మాట. కలకత్తా కరపత్రాలలో తరచు కనిపించేవి మూడు. ‘సంగీత నాటక అకాడమీ పురస్కార గ్రహీత’ అన్నది మొదటిది. అకాడమీ పురస్కారం వేరు, 2006లో మొదలైన, నలభై ఏళ్ల లోపువారికిచ్చే ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం వేరు. రెండూ గౌరవప్రదమైనవే. రెండవదానిని మొదటిదానిగా ధ్వనించేటట్లు అచ్చువేయడం గౌరవప్రదం కాదు. ‘దూరదర్శన్ గ్రేడు కళాకారిణి’ రెండవది. అది ప్రసారానికి తగునా అన్న పరీక్ష. ‘ఐసీసీఆర్ జాబితాలోని కళాకారిణి’ మూడవది. అది 1950లో ఏర్పడిన సాంస్కృతిక సంబంధాల మండలి విదేశాలకు పంపదగినవారిని గుర్తించేందుకు పెట్టుకొన్న జాబితా. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ, ఆ మనిషి ఎనిమిదేళ్ల పిల్లకు తొలి అడుగు నేర్పగలదా అన్న ప్రశ్నకు సమాధానం కాదు. వేదికపై వెలిగేవారందరూ నేర్పగలరనుకొనడం, పంట బాగా పండించినవారందరూ వంట బాగా చేస్తారనుకొనడం వంటిది.

ఇక ధ్రువపత్రం. పాల్గొన్నారనే కాగితానికీ, నేర్చారనే కాగితానికీ భేదం తల్లిదండ్రులకు తెలియదు. చెప్పేవారూ లేరు. ‘హాజరు పత్రం’ అని తెలుగులోనో, బెంగాలీలోనో పెద్ద అక్షరాలతో వేస్తే పోయేదేమీ లేదు, కరపత్రం ఆకర్షణ తప్ప. 2022 జూన్ 9న ప్రాధికార సంస్థ వెలువరించిన సాధారణ ప్రకటనల సూత్రాలు, ఏ భాషలో గొప్ప చెప్పుకొన్నారో ఆ భాషలోనే, అటువంటి అక్షరాలతోనే వివరణ కూడా ఉండాలని శాసిస్తున్నవి. ఈ సూత్రాలకు నాట్యం మినహాయింపు కాదు. వీటిని నాట్యశిబిరాలకు వర్తింపజేయడానికి కొత్త చట్టం గాని, కొత్త కమిటీ గాని అక్కరలేదు.

పార్లమెంటులో మన తెలుగు సభ్యులలో కళాభిమానులమని చెప్పుకొనేవారు తక్కువేమీ కాదు. కూచిపూడిని శాస్త్రీయ నాట్యంగా గుర్తింపజేసేందుకు 1958లో ఇదే ఢిల్లీలో జరిగిన అకాడమీ నాట్యగోష్ఠిలో విస్సా అప్పారావు వంటి పెద్దలు వాదించవలసి వచ్చింది. ఆనాడు ప్రశ్న, ఆ నాట్యం నిజంగా ఏమిటన్నది. నేడు కలకత్తాలోనో, ఖరగపూరులోనో ఒక తెలుగు తల్లి, ఊరు కాని ఊరిలో తన పిల్లకు మన నాట్యం వస్తుందని ఆశపడి కరపత్రం చూచి డబ్బు కడుతున్నపుడు కూడా ప్రశ్న అదే. రెండు మార్గదర్శక పత్రాల నుండి నాలుగు మాటలు కొట్టివేయమని వినియోగదారుల వ్యవహారాల మంత్రిని, విద్యామంత్రిని అడగడానికి ఒక నక్షత్ర గుర్తు ప్రశ్న చాలు.

అంతవరకు ఉన్న మార్గం జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. నంబరు 1915. హిందీ, ఇంగ్లీషులే గాక తెలుగు, బెంగాలీ భాషలలో కూడా ఫిర్యాదు వింటారు. ఫిర్యాదు చేయదలచినవారు కరపత్రాన్ని, డబ్బు కట్టిన రసీదును, ఆచార్యుడు స్వయంగా నేర్పిన గంటలను రాసిపెట్టుకొన్న కాగితాన్ని పారవేయకుండా దాచుకోవాలి.